ఫ్రెడ్డీ గ్రీన్ గిటారు వినపడిందా?

స్వింగ్ సంగీతం, అంటే పెద్ద బృందాలు డాన్సుకని వాయించిన అమెరికన్ జాజ్, నాకు వాల్తేరులో అబ్బింది. డెబ్బైల మొదట్లో ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లో ఉండగా పక్క గది మిత్రుడి దగ్గర షార్ట్‌వేవ్ ట్రాన్సిస్టర్ ఉండేది. రాత్రి భోజనాలయ్యాక ముల్లు తిప్పుతూ కూర్చుంటే, సిలోన్ దాటి, మాస్కో దాటి, ఎక్కడో అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా తగిలేది. విల్లిస్ కానోవర్ అనే ఆయన జాజ్ కార్యక్రమం నడిపేవాడు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఇచ్చి, ఎక్కడా తొందర లేకుండా మాట్లాడేవాడు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా తెలిసినవాళ్ళకు కూడా అందాలని కావాలనే అలా మాట్లాడేవాడట. మాలాంటివాళ్ళ కోసమే అన్నమాట. మొదట డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయించిన 'టేక్ ది ఏ ట్రెయిన్' వచ్చేది. తరవాత గాలి ఎటు వీస్తే అటు. ట్రంపెట్లు ఒకసారి చెవి పక్కకే వచ్చేవి, మరుక్షణం సముద్రం అవతలికి పోయేవి. సరిగ్గా రసపట్టులో ఏ చైనా స్టేషనో వచ్చి మీద పడేది.

అదే ఎలింగ్టన్ బృందం 1963లో అమెరికా ప్రభుత్వం తరఫున మన దేశమంతా తిరిగింది, మద్రాసులోనూ వాయించింది. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. టిక్కెట్టు మాట దేవుడెరుగు, ఆ వార్త కూడా మా ఊరిదాకా రాలేదు.

మా నాన్నగారికి ఈ సంగీతం బొత్తిగా గిట్టేది కాదు. ఆయనది పద్యనాటకాల లోకం. ఇంట్లో గ్రామఫోను ఉండేది, కృష్ణరాయబారం పద్యాల రికార్డులు ఉండేవి. అవి పెట్టిన ప్రతిసారీ ఆయన ఫిర్యాదు ఒక్కటే: "పద్యం ఉంది గాని, రాగం ఏదిరా?" ఆ కాలపు రికార్డు ఒక వైపుకు పట్టేది సుమారు మూడు నిమిషాలు. పందిట్లో అయితే నటుడు చివరి పాదం దగ్గర ఆగి, జనం ముఖాలు చూసి, ఊపు ఉందనుకుంటే రాగం ఎత్తుకునేవాడు. వన్స్‌మోర్లు పడితే రెండోసారి ఇంకో దారిన వెళ్ళేవాడు. అవతల దుర్యోధనుడు చేతులు కట్టుకుని ఎంతసేపు నిలబడినా ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. రికార్డింగ్ గదిలో వన్స్‌మోర్ అనేవాడు ఉండడు కనుక గాయకుడు గడియారం ప్రకారం పాడి ఇంటికి వెళ్ళిపోతాడు. నాన్నగారి ఫిర్యాదుకూ అమెరికన్ బిగ్ బ్యాండ్లకూ చుట్టరికం ఉందని నాకు తోచింది మాత్రం చాలా ఏళ్ళ తరవాత, న్యూజెర్సీలో.

1980లో ఇక్కడికి వచ్చి ఒక ఇంజనీరింగ్ సంస్థలో చేరాను. డ్రాఫ్టింగ్ విభాగంలో పదవీ విరమణకు దగ్గరపడిన ఒక పెద్దాయన ఉండేవాడు. కుర్రతనంలో, అంటే యుద్ధానికి ముందు, న్యూయార్క్ డాన్సు హాళ్ళలో బూట్లు అరగదీసినవాడు. రోజ్‌లాండ్, హార్లెమ్‌లోని సవాయ్, అన్నీ ఆయనకు కొట్టిన పిండి. భోజన విరామంలో నా దగ్గర, క్లారినెట్ వాయించే బృంద నాయకుడు బెన్నీ గుడ్‌మన్ క్యాసెట్ చూసి ఆశ్చర్యపోయాడు. "ఇండియా కుర్రాడివి, నీకు ఇదెలా తెలుసు?" అన్నాడు. కానోవర్ పేరు చెప్పాను. అమెరికాలో పుట్టి పెరిగిన ఆయనకు ఆ పేరు కొత్త. వాయిస్ ఆఫ్ అమెరికా ప్రసారాలు అమెరికన్ల కోసం కావు మరి.

కొన్నాళ్ళకు కౌంట్ బేసీ బృందం దగ్గర్లోని ఒక కాలేజీ హాలుకు వస్తోందని చెప్పి తనతో రమ్మన్నాడు. బేసీ న్యూజెర్సీవాడే, రెడ్ బ్యాంక్‌లో పుట్టాడు. అప్పటికి పెద్దవాడైపోయి, చిన్న మోటారు బండి మీద వేదిక ఎక్కేవాడు. ఆ రోజూ అలాగే వచ్చాడు. బండి దిగి, పియానో ముందు కూర్చుని, రెండంటే రెండు వేళ్ళతో ఏదో మీటాడు. వెనక పదిహేనుమందికి పైగా ఉన్నారు. ముందు వరుసలో శాక్సొఫోన్లు, వాటి వెనక ట్రాంబోన్లు, ఇంకా పైన ట్రంపెట్లు.

ఇత్తడి వాద్యాలు ఒక్కసారిగా లేస్తే గుండెల మీద తగులుతుందని చదివి ఉన్నాను, అది జరిగింది. అయితే నన్ను అంతకన్నా పట్టి నిలిపింది వాళ్ళ నెమ్మది. అంతమంది కలిసి, ఒకే ఊపిరిగా, పక్కవాడి దగ్గు వినపడేంత మెల్లగా వాయిస్తారని ఏ క్యాసెట్టూ నాకు చెప్పలేదు. ఆ మెల్లదనంలోంచి చెప్పాపెట్టకుండా పిడుగు పడుతుంది, మళ్ళీ పియానో మీద రెండు వేళ్ళు. ఆ కాలపు రికార్డుకు ఈ ఎత్తుపల్లాలు పట్టవు. మరీ మెల్లని ధ్వని అయితే ఎల్పీ సొంత గరగరలో కలిసిపోతుంది, మరీ పెద్దదయితే గాడిలో ముల్లు నిలవదు. అందుకని రికార్డు చేసే ఇంజనీరు లోయను కొంచెం పూడుస్తాడు, కొండను కొంచెం చెక్కుతాడు. మనకు చేరేది మిట్టపల్లాలున్న మైదానం. ఇందులో ఎవరి తప్పూ లేదు.

విరామంలో పెద్దాయన అడిగాడు: "ఫ్రెడ్డీ గ్రీన్ గిటారు వినపడిందా?"

ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో బేసీ దగ్గర చేరినవాడు. ఆంప్లిఫయర్ లేని గిటారు పట్టుకుని, బారుకు (తాళంలో ఒక ఆవృత్తానికి) నాలుగు దెబ్బలు, దశాబ్దాల తరబడి అదే పని. సోలో వాయించడం దాదాపు లేదు. నా ఎల్పీలలో ఆ గిటారు చక్కగా వినపడేది. ఆ హాల్లో, మా వరుస నుంచి, సున్నా. లేదన్నాను.

"వినపడదు. అది ఆగిపోతే తెలుస్తుంది" అన్నాడాయన.

రెండో భాగంలో ముందు వరుసల్లో ఖాళీ కుర్చీలు చూసుకుని అటు మారాం. అక్కడికి గిటారు అందింది. అందాక అర్థమైంది ఏమిటంటే, డ్రమ్ములూ, మంద్రస్థాయి తీగవాద్యం బేసూ దాని మీద ఆనుకుని నడుస్తున్నాయి. వెనక వరుసలో ఉండగా నా కాలు తాళం వేస్తూనే ఉంది, ఎవరు వేయిస్తున్నారో మాత్రం తెలియలేదు. రికార్డు గదిలో ఆ గిటారు దగ్గరకు ఒక మైకు జరిపితే చాలు, కచేరీలో ఎవరికీ వినపడనిది ప్రపంచానికంతా వినపడుతుంది. అసలు కచేరీ గొప్పది, రికార్డు దానికి నీడ మాత్రమే అని తేల్చేసేవాళ్ళతో నాకు పేచీ అక్కడే మొదలైంది. కొన్ని విషయాల్లో నీడే ఎక్కువ చూపిస్తుంది.

ఆ రాత్రి 'ఏప్రిల్ ఇన్ పారిస్' వాయించారు. 1955లో స్టూడియోలో చేసిన రికార్డు అది. చివర పాట అయిపోయిందనిపించి బేసీ "ఇంకొక్కసారి!" అంటాడు, మళ్ళీ ముగింపు, మళ్ళీ "ఇంకొక్కసారి". హాల్లో జనమంతా ఆ ముగింపు కోసం కాచుకుని ఉన్నారు. రికార్డులో చేసిన చమత్కారాన్ని కచేరీ అనుకరించాల్సి వచ్చింది, లేకపోతే జనం ఊరుకోరు. మా నాన్నగారి పందిట్లో వన్స్‌మోర్ జనం అడిగేవారు. ఇక్కడ నాయకుడు తనకు తానే చెప్పుకుంటున్నాడు. నేను పగలబడి నవ్వితే పెద్దాయన నాకేమయిందోనని చూశాడు.

గుడ్‌మన్ క్యాసెట్ గురించి ఆయనకు వేరే అభిప్రాయం ఉండేది. అది 1938 జనవరి 16న కార్నెగీ హాల్లో జరిగిన కచేరీ. ఆ వేదిక మీద స్వింగ్ బృందం పూర్తి కచేరీ ఇవ్వడం అప్పటికి సాహసమే. హాలు నిండిపోయి వేదిక మీద కూడా కుర్చీలు వేశారు. గుడ్‌మన్ దగ్గర డ్రమ్మర్ జీన్ క్రూపా, హ్యారీ జేమ్స్, టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ ఉన్నారు. బేసీ స్వయంగా వచ్చాడు, ఆయన బృందం నుంచీ ఎలింగ్టన్ బృందం నుంచీ పలువురు వచ్చారు, మన ఫ్రెడ్డీ గ్రీన్‌తో సహా. వేదిక పైన వేలాడదీసిన ఒక మైకు, అక్కడి నుంచి తీగ, ఆ తీగ అవతల డిస్కుల మీద ధ్వని గాడిని కోసే యంత్రం. దీన్ని ఆల్బర్ట్ మార్క్స్ అనే ఆయన, ఒకప్పుడు గుడ్‌మన్ దగ్గర పాడిన తన భార్య హెలెన్ వార్డ్‌కు కానుకగా చేయించాడు. గుడ్‌మన్‌కు చేరిన నకలు ఏళ్ళ తరబడి ఒక అలమరలో పడి ఉండి, 1950లో బయటపడి, కొలంబియా కంపెనీ రెండు ఎల్పీలుగా వేస్తే విరగబడి అమ్ముడుపోయింది. ఆ పాత డిస్కుల నుంచి టేపుకు ఎక్కించిన ఇంజనీరు బిల్ సావరీ. తరవాతి రోజుల్లో హెలెన్ వార్డ్ ఆయన్నే పెళ్ళాడింది. ఒక రికార్డు చరిత్రలో ఇంత సంసారం ఉండడం నాకు ఇష్టం.

ఇందులో 'సింగ్ సింగ్ సింగ్' పన్నెండు నిమిషాలు ఉంటుంది. అంతకుముందు ఏడాది స్టూడియోలో అదే పాటను పెద్ద రికార్డు రెండు వైపులా సర్దినా ఎనిమిది నిమిషాల పైచిలుకే వచ్చింది. కార్నెగీలో పాట చివరికి వచ్చేసరికి, ఎవరూ అనుకోకుండా పియానో వాయించే జెస్ స్టేసీ వంతు వచ్చింది. అంతదాకా డ్రమ్ములు హాలు దద్దరిల్లేలా మోగాయి. ఆయన చర్చిలో వాయిస్తున్నట్టు, ఎక్కడికీ పోయే పని లేనట్టు, రెండు నిమిషాలపాటు వాయించాడు. అలాంటిది స్టూడియోలో పుట్టదు. గడియారం పుట్టనివ్వదు.

ఇంత చెప్పినా పెద్దాయన పెదవి విరిచేవాడు. "అక్కడ అందరూ కూర్చుని ఉన్నారు కదయ్యా" అనేవాడు. ఆయన దృష్టిలో స్వింగ్ అంటే నిలబడి వినే సంగీతం, సరిగ్గా చెప్పాలంటే అసలు వినే సంగీతమే కాదు, ఆడే సంగీతం. బృందం డాన్సు చేసేవాళ్ళ కాళ్ళు చూస్తూ లయ నిర్ణయించుకుంటుందనీ, నేల మీద జనం పలచబడితే నాయకుడు వెంటనే పాట మారుస్తాడనీ చెప్పేవాడు. ఒకరోజు ఒక ఎల్పీ పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఇది విను, ఇందులో కూర్చున్నవాళ్ళు లేరు."

అది ఫార్గో. 1940 నవంబరు 7న నార్త్ డకోటాలోని ఫార్గో పట్టణంలో, క్రిస్టల్ బాల్‌రూమ్ అనే డాన్సు హాల్లో, ఎలింగ్టన్ బృందం వాయించింది. అది పెద్ద ఊరు కాదు, గొప్ప సందర్భమూ కాదు, బృందం ఊరూరా తిరిగే దారిలో ఒక మజిలీ. జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు ముందే అనుమతి అడిగి, మోసుకెళ్ళగలిగే డిస్కు యంత్రంతో వచ్చి, సొంత సరదా కోసం ఆ రాత్రిని కోసుకున్నారు. 1978లో గాని అది సరైన పద్ధతిలో బయటకు రాలేదు, వచ్చాక గ్రామీ బహుమతి అందుకుంది. ట్రంపెట్ వాయించే కూటీ విలియమ్స్ వెళ్ళిపోయి, ఆయన స్థానంలో రే నాన్స్ అప్పుడే చేరాడు. బెన్ వెబ్‌స్టర్ 'స్టార్‌డస్ట్' వాయించాడు. బేస్ మీద జిమ్మీ బ్లాంటన్. ఆ కుర్రవాడు ఇరవై మూడేళ్ళకే, 1942లో, క్షయతో పోయాడు. ఎలింగ్టన్ దగ్గరున్న ఆ రెండేళ్ళలోనే బేస్ వాయించే తీరును మార్చేశాడు. ఎలింగ్టన్ బృందానికి అంత మంచి రోజులు మళ్ళీ రాలేదనేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణి.

రికార్డింగుగా చూస్తే అందులో లోపాలకు కొదవ లేదు. కొన్ని పాటలు మధ్యలో మొదలవుతాయి, కొన్ని తెగిపోతాయి. జనం మాట్లాడుతూనే ఉంటారు, ఎవరో నవ్వుతారు. కార్నెగీలో చప్పట్లు పాట అయ్యాక, మర్యాదగా, ఒక్కసారిగా వస్తాయి. ఫార్గోలో జనం పాట లోపలే ఉంటారు. సోలో బాగా వస్తే ఆ మూల నుంచి ఒక కేక, ఆ కేక విన్న శాక్సొఫోన్ ఇంకో మెట్టు పైకి. అప్పుడు నాకు నాన్నగారి పందిరి గుర్తొచ్చింది. మంచి లైవ్ రికార్డు హాల్లోని ధ్వనిని పూర్తిగా తేలేదు, గుండెల మీద తగిలే ఇత్తడిని అసలే తేలేదు. హాలు వాయించేవాడి చేత ఏం చేయించిందో దాన్ని మాత్రం చెక్కుచెదరకుండా తెస్తుంది. బృందం మన మీద చేసే పని పోతుంది, జనం బృందం మీద చేసిన పని మిగులుతుంది. నాన్నగారు "రాగం ఏదిరా" అని అడిగింది ఈ రెండోదాని గురించే. ఫార్గో పెట్టెను క్యాసెట్లకు ఎక్కించుకుని, పెద్దాయనకు తిరిగి ఇచ్చేశాను. ఆ క్యాసెట్లు కారులో ఎండకు సాగిపోయేదాకా విన్నాను.

ఆయన ఫ్లోరిడా వెళ్ళిపోయాక, 1989లో లింకన్ సెంటర్ ఆవరణలో వేసవి రాత్రుల డాన్సు కచేరీలు మొదలయ్యాయి. ఆరుబయట బృందం, దాని ముందు డాన్సు వేదిక. మా ఆవిడను తీసుకెళ్ళాను. చూద్దామని వెళ్ళి, పక్కనున్న ముసలి దంపతులు లాగితే, చీరలోనే దిగింది. ఆవిడకు నాలుగో దెబ్బకే అడుగు కుదిరింది, నాకు ఇప్పటికీ కుదరదు. అక్కడ నిలబడితే చెవి చేసే పని సగమే. చెక్క నేల అరికాళ్ళలోకి తాళం ఎక్కిస్తుంది, పక్కవాళ్ళ చెమట, పెర్‌ఫ్యూమ్, ఎవరి మోచేయో తగలడం. దీన్ని ఏ మైకూ పట్టుకోలేదు, పట్టుకున్నా ఎందుకు? ఇంట్లో సోఫా మీద కూర్చున్నవాడికి మోచేయి తగిలితే చిరాకు.

న్యూపోర్ట్ గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. 1956 జూలై 7 రాత్రి, రోడ్ ఐలండ్ రాష్ట్రం న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో ఎలింగ్టన్. అప్పటికి బిగ్ బ్యాండ్ల కాలం అయిపోయింది, ఆయన పని కూడా అయిపోయిందనేవారు. 1937లో రాసిన 'డిమిన్యుయెండో అండ్ క్రెసెండో ఇన్ బ్లూ' ఎత్తుకుని, దాని రెండు భాగాల మధ్య పాల్ గొన్సాల్వెస్‌ను టెనర్ శాక్సొఫోన్‌తో వదిలాడు. అతను బ్లూస్ ఆవర్తనాలు ఒకటి తరవాత ఒకటి ఇరవై ఏడు వాయించాడు. నల్ల దుస్తుల్లో ఉన్న ఒకావిడ లేచి డాన్సు మొదలుపెట్టింది, జనం కుర్చీలెక్కారు, అల్లరి అవుతుందేమోనని నిర్వాహకులు హడలిపోయారు. వేదిక అంచు దగ్గర, పాత బేసీ డ్రమ్మర్ జో జోన్స్ చుట్టిన పత్రికతో తాళం కొడుతూ బృందాన్ని రెచ్చగొట్టాడు. ఆ ఎల్పీ ఎలింగ్టన్ రికార్డుల్లోకెల్లా ఎక్కువ అమ్ముడైంది.

ఆ ఎల్పీని లైవ్ రికార్డు అనుకునే కొన్నారు జనం. అందులో చాలా భాగం తరవాత స్టూడియోలో మళ్ళీ వాయించి, చప్పట్లు అతికించినది. గొన్సాల్వెస్ సోలో మాత్రం అసలుదే, కాకపోతే దూరంగా వినపడుతుంది. ఎందుకంటే అతను కొలంబియా వాళ్ళ మైకు ముందు వాయించలేదు, పక్కనున్న ఇంకో మైకు ముందు వాయించాడు. ఆ ఇంకో మైకు వాయిస్ ఆఫ్ అమెరికాది! వాల్తేరు హాస్టల్లో మా ముల్లుకు తగిలిన ఆ సంస్థే తీసుకున్న టేపు దశాబ్దాల తరవాత లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరికింది. జాజ్ చరిత్రకారుడు ఫిల్ షాప్ రెండు టేపులనూ జతచేసి, ఒకటి ఈ చెవికి, ఒకటి ఆ చెవికి ఇచ్చి, 1999లో రెండు సీడీలుగా తెచ్చాడు. అందులో టెనర్ ముందుకు వచ్చింది, జనం గోల చుట్టుముట్టింది. నలభై మూడేళ్ళు ఆలస్యంగా ఆ రాత్రి పూర్తిగా వినపడింది.

అదే ఏడాది కార్నెగీ కచేరీని కూడా ఫిల్ షాప్ కొత్తగా విడుదల చేశాడు, పాత డిస్కుల గరగరను పెద్దగా తుడవకుండా. దాని మీద మా అబ్బాయికీ నాకూ పడదు. వాడి దగ్గర గరగర తీసేసిన ప్రతి ఉంది. నిశ్శబ్దంగా, శుభ్రంగా ఉంటుంది. దాంతోపాటు క్రూపా కంచు తాళాల మీది మెరుపూ, హాలు గాలీ పోయాయని నేనంటాను. అది గాలి కాదు, దుమ్ము అని వాడంటాడు. ఇద్దరం ఒకే గదిలో రెండు ప్రతులూ మార్చి మార్చి పెట్టి వాదించుకుంటాం. మా ఆవిడ తలుపు వేసుకుంటుంది.

ఈ సంగీతం కొత్తగా వినాలనుకునేవారు న్యూపోర్ట్‌తో మొదలుపెట్టండి, 1999 నాటి ముద్రణ. తరవాత ఫార్గో, వంట చేసుకుంటూనో ఇల్లు సర్దుకుంటూనో, నిలబడి. కార్నెగీ కూర్చుని వినవచ్చు, ఆ జనమూ కూర్చునే విన్నారు. పాత సామాన్ల దుకాణంలో న్యూపోర్ట్ తొలి ఎల్పీ ఎప్పుడైనా కంటబడితే అదీ వదలకండి. తప్పు మైకు ముందు నిలబడితే ఎలా వినపడుతుందో చెప్పడానికి అంతకన్నా మంచి రికార్డు లేదు.